బైరప్ప చెవి, ఈశ్వరప్ప సోఫా

పుంగనూరులో బైరప్ప అని అడిగితే, ఏ బైరప్ప అని ఎదురడుగుతారు. మైకుసెట్టు బైరప్ప అంటే మాత్రం సంతకు తోలుకొచ్చిన ఎద్దు కూడా తల తిప్పి దారి చూపిస్తుంది. నేను రాయబోయేది ఆ బైరప్ప గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆయన చెవి గురించి. రెండువేల అయిదో సంవత్సరంలో ఒక వేసవి నెల పాటు ఆ చెవి ఉందా పోయిందా అన్నది తేలక ఆ మనిషి పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

బైరప్పది ఊరికి ఎడంగా, సదుం దారిలోని కాలనీ. అమ్మానాన్న వేరుశెనక్కాయలు పీకడానికి, టమోటాలు కోయడానికి కూలికి పోయేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక మైకుసెట్టు వాళ్ళ దగ్గర గరాటుల్లాంటి హారన్లు మోయడానికి చేరాడు. సైకిలుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి హారను కట్టుకొని, నెత్తిన ఆంప్లిఫయరు పెట్టుకొని గుట్టలెక్కి దిగేవాడు. తొంభైల నాటికి తనవే ఎనిమిది హారన్లు, ఒక జనరేటరు. మదనపల్లె నుంచి కుప్పం దాకా జాతర్లు, పెళ్ళిళ్ళు, ఎన్నికల జీపులు, ఎవరికి గొంతు కావాల్సి వచ్చినా బైరప్పే.

మైకుసెట్టు పని అంటే తీగలు కలపడమే అనుకుంటారు జనం. కాదు. జాతరలో హారను ఏ వీధి వైపు తిప్పావన్నదాని మీద తలకాయలు పగిలిన ఊళ్ళు నాకు తెలుసు. మా వీధికి మూతి తిప్పలేదని ఒకరు, వాళ్ళ వీధికి రెండు కట్టి మాకు ఒకటే కట్టావని ఇంకొకరు. బైరప్ప ఈ తగాదాలన్నీ దాటుకొని బతకడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. అది నాకొకసారి ఇట్లా చెప్పాడు:

"నడుమ నిలబడి ఇంటే ఏ గాడిదకైనా బాగనే ఇనిపిస్తాది పెద్దాయనా. అంచుకు పోయి నిలబడాల. సంకలో బిడ్డనెత్తుకొని, పోదామా ఉందామా అనుకుంటా ఒక ఆడమనిషి నిలబడి ఉంటాది సూడు, ఆమె పక్కన నిలబడి ఇనాల. ఆమెకు ఇనిపించిందా, ఊరంతా ఇన్నెట్టే."

ఈ మాట విన్నప్పుడు నాకు ఎప్పుడో చదివిన ఒక సంగతి గుర్తొచ్చింది. పూర్వం గ్రీకుల నాటకశాలల్లో వెనక వరుసల వాళ్ళకు కూడా మాట వినపడాలని మెట్ల కింద కంచు కుండలు పెట్టేవారట. ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విని, "కంచు కుండలా? రేత్రికి కాపలా ఎవురుండేటోళ్ళు?" అన్నాడు. నేను చదివిన పుస్తకంలో ఆ సంగతి లేదు.

రెండువేల సంవత్సరం దాటేసరికి హారన్ల కాలం అయిపోయింది. పెళ్ళిళ్ళు కల్యాణ మండపాలకు పోయాయి, మండపాలకు వాటి పెట్టెలు వాటికే ఉన్నాయి. జాతర్లకు మనిషెత్తు నల్ల పెట్టెలు లారీలో వస్తున్నాయి. బైరప్ప హారన్లలో కోళ్ళు గుడ్లు పెడుతుండేవి. అల్లుడు గంగవరం దగ్గర ఒక పాలకేంద్రంలో వాచ్‌మెన్ పని చూసి పెట్టాడు. "మామా, కుర్చీ ఏసుకొని కూసోవడమే. యాల తిప్పలు?" అని రోజూ పోరు. శబ్దంతో బతికినవాడు పోయి పాలక్యాన్ల మధ్య నిశ్శబ్దానికి కాపలా కాయడమేమిటని బైరప్పకు మనసొప్పలేదు.

అప్పుడు దొరికాడు దామోదర్. మదనపల్లెలో బెంగళూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సామాన్ల షోరూం. ఆ ఏడాది ఎండాకాలం టమోటాకు మంచి ధర పలికింది. డబ్బు చేతికొస్తే మా వైపు రైతు ముందు బోరు వేయిస్తాడు, తర్వాత ఇల్లు కడతాడు, ఇల్లు కట్టాక ఏం కొనాలో తెలియక నాలుగు రోజులు తిరుగుతాడు. ఆ నాలుగు రోజుల్లో దామోదర్ వాళ్ళకు హోం థియేటర్ అమ్మేవాడు. టీవీ ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, దడదడలాడించడానికి ఒక బేస్ పెట్టె. వీటన్నిటికీ తల ఒక నల్లటి రిసీవరు. అమ్మడం దామోదర్‌కు వచ్చు. బిగించే మనిషి కావాలి.

"ఈశ్వరప్ప ఇంట్లో బిగించి రాప్పా," అన్నాడు బైరప్పతో. "ఆయప్పకు సదుంలో, గంగవరంలో, యాడ సూసినా సుట్టాలే. ఆయప్ప బాగుండాదంటే ఇంగ పుంగనూరు నించి కుప్పం దాకా బిగింపులన్నీ నీయే. బాగలేదన్నాడంటే మాత్రం బెంగుళూరు నించి మనిషిని తెప్పించుకుంటా. మొగమాటం లేకుండా సెప్తాండా."

టమోటా పండించే ఈశ్వరప్ప ఇల్లు పుంగనూరుకు రెండు కోసుల దూరంలో, తోటల నడుమ. పొడుగాటి హాలు. ఎదురు గోడకు టీవీ, హాలు నడిమధ్య కొత్త సోఫా. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, కూర్చుంటే కరకరమంటుంది. వీధి తలుపున్న వాకిలి సోఫాకు వెనక వైపు, ఎడమ మూలకు ఉంటుంది. ఆ వాకిలి పక్కనే, గోడకు ఆనుకొని నేల మీద పాపక్క చోటు. పాపక్క ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా వంటకూ, పాలు పితకడానికీ ఉంటోంది. పొద్దు వాలాక సీరియళ్ళన్నీ అక్కడ కూర్చునే చూస్తుంది.

బైరప్ప మధ్యాహ్నానికల్లా స్పీకర్లు గోడలకు బిగించాడు. వెనక ఎడమ స్పీకరు ఆ వాకిలికి మూరెడు పైన వచ్చింది. తర్వాత అసలు పని. రిమోట్‌లో టెస్ట్ టోన్ అనే బొత్తాం నొక్కితే ఒక్కో స్పీకరు వంతులవారీగా బుస్సుమంటుంది. వినేవాళ్ళకు అన్ని బుసలూ ఒకే బలంతో వినిపించేటట్టు ఒక్కోదాన్ని పెంచాలి, తగ్గించాలి. దామోదర్ షోరూంలో రెండుసార్లు చేసి చూపించాడు.

ముందు ఈశ్వరప్పనే అడిగాడు. "సామీ, ఆ సోఫాలో కూసోని ఏది ఎక్కువో ఏది తక్కువో సెప్పండి."

ఈశ్వరప్ప కూర్చున్నాడు. కరకరమంది. రిసీవరు బుస్సుమంది. "ఏందప్పా ఇది, పామును పెట్టి అమ్మినారా?" అన్నాడు. ఇంకో బుస. "అన్నీ ఒకటే. బుస్సు బుస్సు. నాకేం తెలస్తాది? ఆడ తోటలో లారీ నిలబడుండాది, కాయలెత్తాల. నువ్వు సేసి పెట్టు, వచ్చి సినిమా సూస్తా." పోయాడు.

సోఫా ఖాళీ అయింది. బైరప్ప రిమోట్ పట్టుకొని నడుచుకుంటూ వాకిలి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్ళ అలవాటు. అంచుకు పోయి నిలబడాలి. అంచున పాపక్క కూర్చొని బియ్యంలో రాళ్ళేరుతోంది.

"పాపక్కా, నీయి సిన్న వయసు సెవులు. ఏది ఎక్కువో సెప్పు."

"నా నెత్తిమీద ఉండేది సంపుతాండాది అన్నా, తగ్గించు. ఆ కుడిపక్క దూరంగా ఉండాదే, అది గొణుగుతాండాది."

వెనక ఎడమను మైనస్ ఆరుకు తగ్గించాడు. ముందరి ఎడమను కొంచెం దించాడు. కుడివి రెండూ ప్లస్ అయిదుకు ఎక్కించాడు. మళ్ళీ విన్నాడు. ఇప్పుడు అన్ని బుసలూ ఒక్క తక్కెడలో తూచినట్టున్నాయి. పాపక్క తలూపింది. బైరప్ప తృప్తిగా స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఈశ్వరప్ప వచ్చి సినిమా పెట్టించుకున్నాడు. గుర్రాల మీద పోట్లాట మొదలైంది. నిమిషం కాకముందే మొహం చిట్లించాడు. "ఏంది బైరప్పా, అంతా కుడిపక్కే అరస్తాండాది. ఎడమపక్క సచ్చిపోయిందా?"

"లేదు సామీ, సమంగానే ఉండాది," అన్నాడు బైరప్ప వాకిట్లో నిలబడి.

"యాడుండాది సమంగా? ఆ గుర్రాలు కుడి సెవులోకి దూరతాండాయి!"

"ఈడ సమంగా ఉండాది."

"ఈడ లేదు!"

చదివేవాళ్ళకు ఈపాటికి సంగతి తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలుసు, చిన్నపిల్లలకూ తెలుస్తుంది. కాని ఆ ఇంట్లో ఉన్న ఇద్దరు పెద్దమనుషులకు నెల రోజులు తెలియలేదు. ఈశ్వరప్పకు ఆ సోఫా తన చోటు. బైరప్పకు ఆ వాకిలి తన చోటు. ఎవరి చోటు వాళ్ళకు ఎంత బాగా ఒంటబట్టి ఉండేదంటే, చోటు మారితే శబ్దం మారుతుందన్న ఆలోచన రావడానికి కూడా చోటు లేకపోయింది.

రెండోసారి పోయేసరికి ఈశ్వరప్ప బావమరిది వాస్తు చూసి పెట్టాడు. ఈశాన్య మూల బరువుండకూడదట, బేస్ పెట్టె సరిగ్గా అక్కడే ఉందట. దాన్ని నైరుతికి ఈడ్చారు. గోడలు ఇంకో వైపు నుంచి అదిరాయి, అంతే. వాస్తు మీద నేను ఇంగ్లీషులోనూ తెలుగులోనూ బోలెడు చదివాను. ఎక్కడా బేస్ పెట్టె ప్రస్తావన లేదు.

బైరప్ప తీగలు తారుమారయ్యాయేమోనని ఎడమ వైపువి కుడికి, కుడి వైపువి ఎడమకు మార్చాడు. దాంతో పాపక్క నెత్తిమీది స్పీకరు ఒక్కసారి గర్జించింది. బియ్యం చేట ఎగిరింది.

"అన్నా! నన్ను సంపను వచ్చినావా?"

"ఉండు తల్లీ, తగ్గిస్తాండా."

తగ్గించాడు. దూరంగా ఉన్నదాన్ని పెంచాడు. సమంగా కుదిరింది. ఈశ్వరప్ప వచ్చి సోఫాలో కూర్చున్నాడు. మళ్ళీ కుడిపక్కే అరిచింది. చేసిందంతా చేస్తే ఎక్కడ బయలుదేరాడో అక్కడికే వచ్చాడు. గానుగెద్దుకైనా చివరికి నూనె వస్తుంది. బైరప్పకు ముచ్చెమటలు వచ్చాయి.

"నీ సెవుల్లో ఏమన్నా తేడా ఉండాదా బైరప్పా?" అన్నాడు ఈశ్వరప్ప. కోపంతో అనలేదు. జాలితో అన్నాడు. అదే పాడు చేసింది.

ఎందుకంటే బైరప్పకు లోపల ఆ అనుమానం మొలిచి అప్పటికి ఏడాదైంది. జనరేటరు ఎప్పుడూ ఆయనకు కుడిపక్కే ఉండేది. ఏళ్ళ తరబడి ఆ మోత పక్కన కూర్చున్న చెవి అరిగిపోదా? కుడి చెవి మందగించింది కాబట్టి కుడిపక్క తక్కువగా వినిపిస్తోంది, తక్కువగా వినిపిస్తోంది కాబట్టి తాను పెంచుతున్నాడు, పెంచుతున్నాడు కాబట్టి ఈశ్వరప్ప అరుస్తున్నాడు. లెక్క సరిపోయింది. తప్పు లెక్కలు ఎంత బాగా సరిపోతాయో అంత బాగా సరిపోయింది. మరి పాపక్క కూడా సమంగా ఉందనింది కదా? ఆ పిల్ల నన్ను చూసి తలూపింది, నా ముందు మొహమాటపడి అనింది, అనుకున్నాడు.

దామోదర్ ఫోను చేశాడు. ఎస్టీడీ బూత్‌లో బైరప్ప పక్కన నిలబడి నేనూ విన్నాను, అంత గట్టిగా అరిచాడు. "ఏమప్పా, నీకు ఇనపడతాదా లేదా? సెవిటోని ముందర శంఖం ఊదినట్టుండాది నా బతుకు. ఆయప్ప దినామూ ఫోన్ సేస్తాండాడు. యాడన్నా సెవులు సూపించుకో. వచ్చే ఆదివారం నేనే వస్తా ఆయప్ప ఇంటికి. కుదిరిందా సరే. లేదా, పాలకేంద్రంలో కుర్చీ ఎట్లానూ ఉండాది నీకు."

ఆ పాలకేంద్రం సంగతి దామోదర్‌కు చెప్పినవాడు అల్లుడే.

బైరప్ప ఫోను పెట్టేసి బూత్ నడిపే ఆదెమ్మ మొహం చూశాడు. "ఆదెమ్మా, నేను పిలిస్తే నీకు ఇనిపిస్తాదా?"

"నువ్వు పిలిస్తే పలమనేరుకు ఇనిపిస్తాది, నాకినపడదా?"

"నువ్వు పిలిస్తే నాకు ఇనపడతాదా అని నా బాధ."

మర్నాడు ఇద్దరం కుప్పం బస్సెక్కాము. అక్కడి పెద్దాసుపత్రిలో చెవులు పరీక్ష చేస్తారని ఎవరో చెప్పారు. రైల్వేలో రిటైరైన నాకు అక్కడ పనేమీ లేదు. కుప్పం అంటే రైలు పట్టాలుంటాయి, పట్టాలుంటే నాకు ఎప్పుడూ పనున్నట్టే ఉంటుంది. దారంతా బైరప్ప కిటికీ వైపు కుడి చెవి పెట్టి కొంతసేపు, ఎడమ చెవి పెట్టి కొంతసేపు కూర్చున్నాడు. మెడ తిప్పలేక మధ్యలో సీటు మారాడు. వెంకటగిరికోట దగ్గర బస్సాగినప్పుడు వేరుశెనక్కాయలమ్మే ఆమె కేక ఏ చెవిలో ఎక్కువగా పడిందో తేల్చుకోలేక ఆమెను మళ్ళీ అరవమన్నాడు. ఆమె కొనమంది. రెండు చెవులకూ చెరొక పొట్లం కొన్నాడు.

ఆసుపత్రిలో అద్దం గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను బుట్టలు తగిలించి, చేతికొక బొత్తాం ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. బయటి నుంచి చూస్తున్నాను. పరీక్ష ఫలితం వినబోయే మనిషిలా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నొక్కాడు, నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. ఒక్కోసారి వేలు బొత్తాం మీదే ఆగేది.

డాక్టరమ్మ కాగితం మీది గీతలు చూసి, "బాగానే ఉన్నాయి తాతా. వయసుకు తగినట్టు కొంచెం సన్న శబ్దాలు తగ్గాయి, రెండు పక్కలా ఒకటే," అంది.

"కుడిది?"

"రెండూ ఒకటే."

"సరిగ్గా సూడు తల్లీ. కుడిది పోయుండాల."

ఆ అమ్మాయి నవ్వింది. చెవి పోయిందంటే ఏడ్చేవాళ్ళను చూసుంటుంది గాని, పోలేదంటే గొడవ పెట్టుకునేవాణ్ణి చూసుండదు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు బైరప్ప.

"పోయిందంటే ఒక దోవ ఉండేది పెద్దాయనా. సరే అని పాలక్యాన్ల కాడికి పోయుందును. పోలేదంట. మరి తప్పు యాడుండాది? వాళ్ళ మిషను పిప్‌పిప్ అంటాది, దానికేం తెలస్తాది నా సెవి సంగతి!"

డాక్టరమ్మనూ నమ్మలేదు, ఈశ్వరప్పనూ నమ్మలేదు, తననసలే నమ్మలేదు. తిరుగు బస్సులో వేరుశెనక్కాయల పొట్లాలు నేనే తినేశాను.

ఆదివారం నేను అక్కడ లేను. తర్వాత బైరప్ప చెప్పింది కొంత, పాపక్క చెప్పింది కొంత కలిపి రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడుకు దామోదర్ వస్తాడు. పొద్దున తొమ్మిదికే పోయి బైరప్ప పని మొదలుపెట్టాడు. వాకిట్లో నిలబడి వినడం, మార్చడం, వినడం. పదకొండుకు ఈశ్వరప్ప సోఫాలో కూర్చొని విన్నాడు. కుడిపక్క అరిచింది. పన్నెండుకు విన్నాడు. అరిచింది. ఒంటిగంటకు ఈశ్వరప్ప ఓపిక అయిపోయింది. పాట మోగుతుండగానే లేచి, పంచె ఎగగట్టుకొని, వాకిలి దాకా వచ్చి బైరప్ప మీద పడ్డాడు.

"యాల నా పానం తీస్తాండావు? ఒక నెల! ఒక నెల నించి కుడి సెవులో ఈటెలు పెట్టి పొడస్తాండావు! ఇంటికి వచ్చినోళ్ళంతా నగతాండారు. మా బామ్మర్ది అయితే..."

అక్కడ ఆగాడు. నోరు తెరిచే ఉంది. పాట నాలుగు వైపుల నుంచీ సమంగా, వాన కురిసినట్టు కురుస్తోంది. రెండడుగులు వెనక్కు, సోఫా వైపు వేశాడు. కుడిపక్క అరిచింది. మళ్ళీ వాకిట్లోకి వచ్చాడు. సమంగా ఉంది. అట్లా నాలుగైదుసార్లు, పాత ఇంట్లో పోయిన తాళంచెవి వెతికేవాడిలా, అటూ ఇటూ నడిచాడు.

"ఈడ బాగుండాదే!"

బైరప్ప తలుపు చెక్క పట్టుకున్నాడు. నా చెవి పోలేదు, అనుకున్నాడట. డాక్టరమ్మ ముందు వినలేని మాట ఇప్పుడు వినపడింది. ఆ నిమిషం తనకు పెళ్ళినాడు కూడా లేనంత సంతోషమయిందని నాతో అన్నాడు. పాపక్క అయితే, "అన్న మొగం సూసి నేను ఏడస్తాడేమో అనుకుంటి," అంది.

"సామీ, తప్పు తెలిసిపాయ," అన్నాడు బైరప్ప. "నేను ఈడ నిలబడి కొలస్తాండా. మీరు ఆడ కూసుంటాండారు. ఆ సోఫా కాడ నించి కొలవాల. మీరు కూసోని సెప్పండి."

ఈశ్వరప్ప కూర్చున్నాడు. కరకర. బుస్సు. "ఇది ఎక్కువ." బుస్సు. "ఇదీ ఎక్కువ." బుస్సు. "ఇది... ఇందాకటిదేనా ఇది? నాకు తెలదప్పా. ట్రాక్టరు మోతకు నా సెవులు ఎప్పుడో దిమ్మెక్కిపోయినాయి. పాటయితే తెలస్తాది, ఈ బుసలు నాకు తెలవవు."

పాపక్కను చూశారు ఇద్దరూ. పాపక్క చీపురు తీసుకొని పెరట్లోకి పోయింది.

ఇంక మిగిలింది ఒక్కటే. బైరప్పకు అది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఈశ్వరప్ప చెడ్డవాడేం కాదు. వచ్చిన ప్రతిసారీ ముందు మజ్జిగ ఇప్పించాడు, భోజనం పెట్టించాడు. బైరప్ప వరండాలో తిన్నాడు. రా లోపలికి అన్నాడు, బైరప్ప లోపలికొచ్చాడు. కూర్చోమనాలని గాని, కూర్చోవాలని గాని, ఆ నెల రోజుల్లో, ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. మెకానిక్కు నిలబడతాడు. నిలబడకపోతే పని ఎట్లా అవుతుంది?

"సామీ," అన్నాడు బైరప్ప. "నేను ఆ సోఫాలో కూసోవాల్సి వస్తాది. పది నిమిషాలు."

ఈశ్వరప్ప బైరప్పను చూశాడు. బైరప్ప చొక్కాకు గోడ సున్నం, మోకాళ్ళకు దుమ్ము. సోఫాకు ప్లాస్టిక్ కవరు ఉంది కాబట్టి దుమ్ము సమస్య కాదు. పెరట్లో చీపురు చప్పుడు ఆగిపోయింది. ఈశ్వరప్ప కోపంగా అనలేదు, చిన్నబుచ్చడానికీ అనలేదు. మనిషికి మేలు చేస్తున్నట్టే అన్నాడు.

"నీకెందుకప్పా అంత శ్రమ. ఈడ బాగుండాది కదా? సోఫానే ఈడికి జరుపుదాం. పట్టు."

బైరప్ప ఒక కొస పట్టుకున్నాడు. ఈశ్వరప్ప ఇంకో కొస పట్టుకున్నాడు. బరువైన సోఫా, టేకుదట. ఎత్తి, మోసుకొచ్చి వాకిలి పక్కన గోడకు ఆనించారు. వీధి తలుపు సగమే తెరుచుకుంటుంది ఇప్పుడు. ఈశ్వరప్ప కూర్చొని పాట పెట్టించుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. "ఆ! ఇదీ!" అన్నాడు.

పాపక్క పెరట్లోంచి వచ్చి చూసింది. "నేను యాడ కూసోవాల ఇంగ?"

"హాలంతా ఖాళీనే కదమ్మా. యాడన్నా కూసో."

మూడింటికి దామోదర్ వచ్చాడు. సగం తెరిచిన తలుపులోంచి పొట్ట లోపలికి లాక్కొని దూరాడు. సోఫాలో కూర్చొని విన్నాడు. "బెంగుళూరోళ్ళు గూడా ఇట్లా కుదర్చలేరు," అన్నాడు. "బైరప్పా, నీదీ సెవి అంటే!" అన్నాడు. పుంగనూరు నుంచి కుప్పం దాకా పనులన్నీ అక్కడికక్కడే రాసిచ్చేశాడు. ఈశ్వరప్ప అందరికీ కాఫీ తెప్పించాడు. బైరప్ప నిలబడి తాగాడు.

నేను రెండు వారాల తర్వాత ఆ ఇంటికి పోయాను, బైరప్ప పేరు చెప్పుకొని. పక్కదారిన పెరటి వైపు నుంచి రావాల్సి వచ్చింది. సోఫా అక్కడే ఉంది. పాపక్క హాలు నడిమధ్య, సోఫా ఇదివరకు ఉండిన చోట, నేల మీద కూర్చొని సీరియల్ చూస్తోంది. "ఈడ బాగలేదయ్యా," అంది నాతో. "ఎప్పుడు సూసినా కుడిపక్క అత్తే మాట్లాడతాది. ఎడమపక్క కోడలు ఏమంటాదో ఇనపడదు."

ఆ మాటే బైరప్పతో చెప్పాను, వెంకటగిరికోట బస్సులో. ఆయనకు అక్కడ కొత్త ఇంట్లో రెండో బిగింపు పని. ఒళ్ళో టూల్ పెట్టె. పని దొరికినవాడి మొహంలా లేదు.

"సెవి బాగుండాది పెద్దాయనా," అన్నాడు. "అది సంతోషమే. అయితే ప్రతి ఇంట్లో సోఫా మోసేకి నాకు నడుము లేదు." టూల్ పెట్టె ఒళ్ళో సర్దుకున్నాడు. "ముందే సెప్పేయాల. పెట్టె తెరవకముందే. ఎట్లా సెప్పాల? మీరు ఇన్ని సదివినారు, సెప్పండి. 'సామీ, పని కోసరం నేను మీ కుర్చీలో కూసోవాల' అంటే బాగుంటాదా?"

"బాగుంటుంది," అన్నాను.

"పని కోసరం అంటే, పని లేకుంటే కూసోకూడదు అని అర్థమొస్తాది గదా."

నేను ఆలోచించాను. నిజమే. ఇన్నేళ్ళు చదివిన వేటిలోనూ నాకు పనికొచ్చే వాక్యం ఒక్కటి దొరకలేదు.

"'కూసుంటాండా సామీ' అని, అడక్కుండా కూసుంటే?"

"చూడు మరి."

"ఊహూ. ఆయప్ప ఎట్లాంటోడో తెలవదు." గంగవరం దాటింది. బైరప్ప పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒకసారి 'సామీ' ముందు పెట్టి, ఒకసారి చివర పెట్టి, ఒకసారి అసలు తీసేసి. వెంకటగిరికోటలో బస్సాగింది. టూల్ పెట్టె చంకన పెట్టుకొని దిగి, కిటికీ దగ్గరికొచ్చి నన్ను పిలిచాడు.

"'ఆడ కూసుంటేనే పని అయితాది, లేకుంటే కాదు.' ఇది ఎట్లుండాది?"

బస్సు కదిలింది. నేను ఏం చెప్పానో ఆయనకు వినపడలేదు.